తాగే వయసుకు బేరమాడిన రోజు

ఆ రోజుల్లో మా వీధిలో మొదట చెప్పిన ధరను నిజమని నమ్మినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరుగారి భార్య, రెండోవారు దేవుడు. (దేవుడి విషయంలోనూ నాకు కొంచెం అనుమానమే. మా అమ్మ నూట ఎనిమిది కొబ్బరికాయలని మొక్కుకుని, పని జరిగాక పదకొండు కొట్టి వచ్చేది. ఆయన ఏనాడూ మారు మాట్లాడలేదు.) నర్సీపట్నం బజారులో మాది గాజుల కొట్టు. ఒక పక్క స్టీలు సామాను, ఇంకో పక్క చెప్పులు, ఎదురుగా బట్టలు. నాలుగు దిక్కులా బేరం తప్ప వేరే మాట వినపడని చోట పెరిగాను కాబట్టి, నాకు నడక కన్నా ముందు బేరమే వచ్చిందని మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పేది. అమ్మ దగ్గర నేర్చుకున్నది ఒకటి: కొనే ఆవిడ చెయ్యి మన చేతిలో ఉండగానే ధర తెగిపోవాలి, నాలుగు గాజులు ఎక్కాక ఏ ఆడమనిషీ లేచిపోదు. నాన్న దగ్గర నేర్చుకున్నవి రెండు: ఎక్కడ తెగాలనుకుంటామో అక్కడ ఎప్పుడూ మొదలెట్టకూడదు, అవసరం ముందు ఎవరు బయటపెడితే వాళ్లు ఓడినట్టే.

ఈమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో చర్చ పెట్టారు. మద్యం తాగడానికి చట్టం పెట్టిన వయసు ఇరవై ఒకటి నుంచి తగ్గించాలా, వద్దా అని. ఒకాయన పద్దెనిమిది అంటాడు, ఒకావిడ ఇరవై అయిదు అంటుంది. గంటసేపు గొంతులు చించుకున్నారు గాని, ఆయన ఒక్క ఏడాది పైకి ఎక్కలేదు, ఆవిడ ఒక్క ఏడాది కిందికి దిగలేదు. మా బజారు మనిషి ఒక్కరు మధ్యలో కూర్చుని ఉంటే పది నిమిషాల్లో తెగిపోయే బేరం అది. అలా అనుకుని నవ్వబోయాను గాని, నవ్వుకంటే ముందు పాత సిగ్గొకటి చెవుల దాకా ఎక్కింది. ఎందుకంటే ఈ విషయం మీద మా ఊళ్లో అందరికన్నా ముందు నోరు పారేసుకున్నదాన్ని నేనే.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. 'డిగ్రీ అయితే సాలమ్మా, ఆ తర్వాత కొట్లో కూకుందువు గాని' అని నాన్న ఎప్పుడో తేల్చేశారు. నాకేమో విశాఖపట్నం వెళ్లి పీజీ చదవాలని. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ధర చెప్పడానికి వేళ చూసుకోవాలి కదా. అలా చూసుకుంటుండగా కాలేజీలో వక్తృత్వపోటీ అన్నారు. అటు నలుగురు, ఇటు నలుగురు మాట్లాడాలి. ఒక్కో వైపు నుంచి బాగా మాట్లాడిన ఒక్కొక్కరిని విశాఖలో జరిగే పెద్ద పోటీకి రెండు రోజులు తీసుకెళ్తారు. నా లెక్క నేను వేసుకున్నాను. ముందు రెండు రోజులకి నాన్న చేత ఊ అనిపిస్తే, తర్వాత రెండేళ్లకి ఊ అనిపించడం తేలిక. రెండు గాజులు ఎక్కిన చేతికి డజను ఎక్కించడం మాకు కొత్తా?

మా ఇంగ్లీషు మేడమ్ బల్ల మీద చీటీలు పోసింది. విషయమేమిటో అప్పుడే చెప్పింది. అదే, తాగే వయసు. నేను తీసిన చీటీలో 'తగ్గించాలి' అని ఉంది. దగ్గుకి వేసుకునేది తప్ప ఇంకో మందు పేరెత్తని ఇల్లు మాది. ఇక 'తగ్గించకూడదు' అన్న చీటీ ఎవరికి వచ్చిందంటే, ఊళ్లో బ్రాందీ షాపు నడిపే ఆయన ఒక్కగానొక్క కొడుక్కి. క్లాసులో అందరం అతన్ని సోడా అనేవాళ్లం, తండ్రి ఏం అమ్మినా తను సోడా తప్ప ముట్టడని.

సోడా నా దగ్గరికి పరుగున వచ్చాడు. "సీటీలు మార్సుకుందామా? మా నాన్న యాపారానికి అడ్డంగా మాటాడితే నాకింట్లో కూడెట్టరు" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. కానీ నేను ఎవరి కూతుర్ని? మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "ఏమో, నాదీ బాగానే ఉంది, చూద్దాంలే" అన్నాను.

"నా నోట్సులన్నీ ఇచ్చేత్తాను."

"నీ రాత నువ్వే చదవలేవు."

"పోనీ, వారం రోజులు కేంటీన్లో సమోసాలు."

"నాతో పాటు నా పక్కన కూర్చునే అమ్మాయికి కూడా."

"సర్లే, ఇద్దరికీ."

అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. "టీ కూడా" అన్నాను. అతను జేబు తడుముకుంటూ ఆలోచనలో పడ్డాడు. ఈలోగా మేడమ్ బయటికి వచ్చి పేర్ల కాగితం నోటీసు బోర్డు మీద అంటించి, "ఇంక మార్పుల్లేవ్" అని లోపలికి వెళ్లిపోయింది. అతనూ నేనూ ఆ కాగితం వైపు చూస్తూ నిలబడ్డాం. "టీ కాడ సెడిపోయింది" అన్నాడు సోడా. నా జన్మలో అంత ఖరీదైన టీ మళ్లీ తాగలేదు, ఆ మాటకొస్తే అదీ తాగలేదు.

పోటీ నాడు హాలు నిండిపోయింది. నా కాగితం మీద అంతా శుభ్రంగానే రాసుకున్నాను. పద్దెనిమిదేళ్లకి ఓటు వేయవచ్చు, బండి నడపవచ్చు, ఆడపిల్ల పెళ్లి చేసుకుని ఒక ఇల్లు నెత్తికెత్తుకోవచ్చు. ఇన్ని చేయగలిగిన మనిషి గ్లాసు ముందు మాత్రం చిన్నపిల్ల ఎలా అవుతుంది, కాబట్టి ఇరవై ఒకటిని పద్దెనిమిది చేయాలి అని. మంచి వాదనే. కానీ వేదికెక్కి చూసేసరికి, కింద కూర్చున్న జనమంతా నాకు కొట్టు ముందు నిలబడ్డ జనంలా కనిపించారు. పద్దెనిమిదికి తెగాలి. పద్దెనిమిది దగ్గర మొదలెడితే మరి తెగేది ఎక్కడ? నా నోరు నన్ను అడగకుండానే చెప్పేసింది.

"అధ్యక్షా, పదిహేనేళ్లు చాలు."

ముందు వరసలో మేడమ్ చేతిలో పెన్ను జారి కింద పడింది. ఫర్వాలేదు, ఇప్పుడు అవతలివాడు 'కుదరదు, ఇరవై' అంటాడు, నేను పదహారు అంటాను, ఎక్కడో ఒక చోట కలుస్తాం అనుకుని ధీమాగా నా కుర్చీలో కూర్చున్నాను. వక్తృత్వ పోటీలో అవతలివాళ్లు ధర చెప్పరని, అసలు అది కొట్టు కాదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా నమ్మేదాన్ని కాదు.

సోడా లేచాడు. కాగితం తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "మా కొట్టు ముందర బోర్డుంటాది. ఇరవై ఒకటి నిండనోళ్లకి అమ్మబడదని. ఆ బోర్డుకి రోజూ అగరొత్తి సూపిత్తారు గాని, వొచ్చినోడి మొహమెవులూ సూడరు. ఉన్న ఇరవై ఒకటే ఎవులూ అడగనప్పుడు, పద్దెనిమిది ఎడితే పదహారోడు వత్తాడు. పదిహేనెడితే సంచీ బుజానేసుకుని బడి నించి తిన్నగా వత్తాడు. మీలో ఎవులెవులు వత్తన్నారో నాకు తెలుసు. పేర్లు సెప్పమంటారా?" అన్నాడు. వెనక బెంచీల్లో అప్పటిదాకా ఈలలు వేస్తున్నవాళ్లు ఒక్కసారిగా తలలు వంచుకుని నోటుబుక్కులు తిరగేయడం మొదలెట్టారు. సోడా కూర్చున్నాడు. ఆ మాటలు అతను ఎన్నాళ్లనుంచి గొంతులో పెట్టుకున్నాడో గాని, ఆ రోజు హాల్లో నిజం మాట్లాడినవాడు అతనొక్కడే.

నాకు జవాబు చెప్పడానికి రెండు నిమిషాలిచ్చారు. లేచి నిలబడ్డాను. అతను ధర చెప్పలేదు. అవతలివాడు ధర చెప్పకపోతే మావాళ్లకి చెమటలు పడతాయి, మాతో మేమే బేరమాడుకోవడం మొదలెడతాం. "సరే, పదహారు" అన్నాను. సోడా నా వైపు జాలిగా చూశాడు. "పదహారున్నర." హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "నీ మాటా వద్దు, నా మాటా వద్దు, పదిహేడు." హాలంతా గొల్లుమంది. మేడమ్ గంట కొట్టింది. "పద్దెనిమిది. ఇదే ఆఖరు. ఆపైన మాకు గిట్టదు" అని చెప్పి, కొనకుండా వెళ్లిపోతున్నట్టు నటించే ఆడవాళ్లలాగా రెండడుగులు వెనక్కి వేశాను, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. చప్పట్లు మాత్రం పైకప్పు ఎగిరిపోయేలా కొట్టారు. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. 'తగ్గించకూడదు' వైపు నుంచి సోడా, 'తగ్గించాలి' వైపు నుంచి నేను. ఇద్దరం విశాఖ వెళ్తున్నామని ప్రకటించారు.

కాలేజీ నుంచి మా కొట్టుకి నడిస్తే పావుగంట. కానీ మా ఊళ్లో మాట నడవదు, బండెక్కుతుంది. జిరాక్సు షాపు దగ్గర, "పదిహేనేళ్లకే తాగమన్నావంట" అన్నారు. అది నిజమే కాబట్టి తల వంచుకుని వచ్చేశాను. టీ కొట్టు దగ్గరకి వచ్చేసరికి అది పదమూడయింది. చెప్పుల కొట్టు బాబాయి, "ఏటమ్మా, పదేళ్లేనా? బొత్తిగా సవగ్గా ఇచ్చేసేవు" అన్నాడు. ఇంకో నాలుగు కొట్లు ఉండి ఉంటే నా మాట పుట్టకముందుకి వెళ్లిపోయేది.

మా కొట్లో అమ్మ ముందు మాకవరపాలెం నుంచి వచ్చిన ఒకావిడ చెయ్యి చాపుకుని కూర్చుని ఉంది. "ఓలమ్మా, పాలసీసాలో బ్రాందీ పొయ్యమందంట ఆ గుంట. ఎవులి కూతురో గాని, ఆ తల్లి మొకం ఎక్కడెట్టుకుంటాదో" అని ఆవిడ మా అమ్మతోనే చెబుతోంది. అమ్మ గాజు ఎక్కిస్తూ, "కలికాలం వదినా" అంటూ తలెత్తి, గుమ్మంలో నన్ను చూసింది. నా మొహం చూడగానే ఆ తల్లి ఎవరో అమ్మకి తెలిసిపోయింది. చేతిలో గాజు పటుక్కుమంది. ఆ వచ్చినావిడ అడిగినంతకే డజనూ ఇచ్చి పంపేసింది అమ్మ. నేను పుట్టాక అమ్మ బేరమాడకుండా అమ్మిన డజను అదొక్కటే. అప్పుడర్థమైంది నాకు సంగతి ఎంత దూరం వెళ్లిందో.

సాయంత్రం అయిదు గంటలకి నాన్న షట్టరు సగానికి దించారు. వీధిలో ఎవరి ఇంట్లోనైనా మనిషి పోతే తప్ప పొద్దుండగా మా షట్టరు దిగదు. లోపల మేం నలుగురం: నాన్న, అమ్మ, నేను, మూల చాప మీద గాజులు సైజుల వారీగా వేరు చేస్తూ మామ్మ. షట్టరు కింద నుంచి బయట ఆగిన చెప్పుల జతలు కనిపిస్తున్నాయి. వినడానికి వచ్చినవే అన్నీ.

"రేపు సంబంధాలెవులు తెత్తారే నీకు? పిల్ల ఏటి సదివిందని అడగరు, ఎంత తాగుతాదని అడుగుతారు" అంది అమ్మ.

నాన్న గల్లాపెట్టెకి తాళం వేశారు. తర్వాత నెమ్మదిగా, "పదిహేనేటమ్మా?" అన్నారు.

"అది చెప్పిన ధర నాన్నా. అసలు ధర పద్దెనిమిది."

"పద్దెనిమిదికి తెగాలా?"

"అవును."

నాన్న వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నారు. "ఇరవై ఒకటికీ పదిహేనుకీ నడిమి పద్దెనిమిది. లెక్క సరిపోయిందే అనుకో. కానీ సరిగ్గా నడిమికి ఎవుడొత్తాడే? పన్నెండు కాడ మొదలెట్టాలి గాని. ఇన్నాళ్లు కొట్లో కూకోబెట్టి నేర్పింది ఇదేనా?" అన్నారు. అమ్మ నుదురు కొట్టుకుంది. నాన్నకి అప్పుడు గుర్తొచ్చింది తను కోపంగా ఉండాలని. గొంతు సవరించుకుని, "అదలా ఒగ్గేయ్. విశాఖా లేదు, ఏటీ లేదు. పరీక్షలకి తప్ప కాలేజీకీ ఎళ్లొద్దు" అన్నారు.

రెండు రోజులు పోతే రెండేళ్లూ పోయినట్టే.

అప్పుడు మూల నుంచి మామ్మ, గాజుల మీద నుంచి చూపు తిప్పకుండానే అంది: "నాను పదేళ్లకే తాగేను."

షట్టరు బయట చెప్పులు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ఆలోచించి తాగే మనిషి మా మామ్మ. "ఏటమ్మా అంటన్నావు?" అన్నారు నాన్న.

"మా అయ్యతో గాజులు పట్టుకుని కొండ మీద సంతకెళ్లేదాన్ని కదా. ఓ ఇంటికాడ పొద్దున్నే జీలుగు కల్లు ఇచ్చేరు. మనింట్లో మజ్జిగిచ్చినట్టు వాళ్లకది మర్యాద. కాదంటే బాగోదని మా అయ్య రొండు దోసిళ్లు పోయించేడు."

"ఎలాగుంటాదే?" అన్నారు నాన్న, తనకు తెలియకుండానే ముందుకు వంగి.

"తియ్యగానే ఉంటాది. తరవాత సంతలో కూకుని, వొచ్చినోళ్లందరి సేతులూ సూసి ముచ్చటేసి, మూడు డజన్లు ఊరికినే తొడిగీసేను. మా అయ్య మరి జన్మలో నన్ను తాగనివ్వలేదు" అంది మామ్మ. మద్యం వల్ల కలిగే నష్టాల మీద ఆ తర్వాత నేను చాలా ఉపన్యాసాలు విన్నాను గాని, మా నాన్న మొహంలో అంత భయం పుట్టించింది ఆ మూడు డజన్లే.

అప్పుడు నాకు ఏం తోచిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. హాల్లో నా బేరానికి అందరూ నవ్వడం చూశాను. సోడా ఒక్క మాట చెప్పి కూర్చుంటే అందరూ తలలు వంచుకోవడమూ చూశాను. బహుశా అది పనిచేసి ఉంటుంది. నెల రోజులనుంచి వేసుకుంటూ వచ్చిన ఎత్తులన్నీ వదిలేసి, "నాన్నా, నాకు విశాఖలో పీజీ చదవాలని ఉంది. రెండేళ్లు" అన్నాను.

నాన్న నా వైపు చూశారు. తర్వాత చెప్పబోయేది ఏమిటా అని ఆగారు. నేను ఇంకేమీ చెప్పలేదు. పాపం, ఆయన జీవితంలో అసలు ధర ముందే చెప్పిన మనిషి ఎదురుపడలేదు. ఏం చేయాలో తెలియక అలవాటైన పనే చేశారు. "సగం సేసుకో. ఏడాది సదువుకో" అన్నారు.

"ఏడాది చదివితే పీజీ ఇవ్వరు నాన్నా."

"పోనీ, ఏడాదిన్నర."

"దానికీ ఇవ్వరు."

నాన్న ఎదుటి గోడ వైపు చూశారు, అమ్మ వైపు చూశారు. "ఇచ్చీరా" అంది మామ్మ. "పిల్ల ఒక్కటే మాట సెప్పింది. ఒక్క మాట మనిషితో ఎంతసేపని కొట్లాడతావు?"

"సర్లే, రెండేళ్లు" అన్నారు నాన్న. అని, బేరం తెగాక ఊరికే ఉండలేని మనిషి కాబట్టి, "ఆ పోటీకి కూడా ఎల్దుగాని. నేనే తీసుకెల్తాను" అని కొసరు వేశారు. షట్టరు బయట ఎవరో, "అమ్మయ్య, ఇంక పైకెత్తండి బాబూ, బొట్టు స్టిక్కర్లు కొనుక్కోవాలి" అన్నారు.

విశాఖలో నేను బుద్ధిగా పద్దెనిమిది దగ్గరే మొదలెట్టి, పద్దెనిమిది దగ్గరే ముగించి, మొదటి విడతలోనే ఓడిపోయాను. (న్యాయనిర్ణేతలు ఆవలించారు. పదిహేనుకి ఆవలించేవారు కాదు.) సోడాకి కప్పు వచ్చింది. తాగుడు కూడదని చెప్పి కొడుకు తెచ్చిన ఆ కప్పుని వాళ్ల నాన్న మురిసిపోయి తీసుకెళ్లి, బ్రాందీ షాపులో సీసాల మధ్య అందరికీ కనపడేలా పెట్టుకున్నాడు. నేను పీజీ రెండేళ్లూ చదివి, ఇప్పుడు యలమంచిలిలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. తాగే వయసు మీద నీ మాటేమిటని ఎవరైనా అడిగితే, రోజూ పద్దెనిమిదేళ్ల పిల్లలు అరవై మంది ఎదుట నిలబడే మనిషిని కాబట్టి, ఇరవై ఒకటి దగ్గర ఉండనిద్దాం అంటాను. సోమవారం పొద్దున్న అడిగితే ముప్పై అంటాను.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ పాత సంగతులు చెబుతూ మధ్యలో అంది: "ఆ రోజు నువ్వు ఢిల్లీ అన్నా మీ నాన్న పంపించీవోరే. 'డిగ్రీ అయితే సాలు' అన్నది ఆయన సెప్పిన ధరేనని సెప్పుల కొట్టు బాబాయికి కూడా తెలుసు. 'పిల్ల విశాఖతో ఊరుకుంది, బతికేను' అని ఆ రాత్రంతా నవ్వుకున్నారు." నాకు ఒక్క క్షణం ఒళ్లు మండింది. కొని ఇంటికి తెచ్చుకున్నాక పక్కింటావిడ తక్కువకి కొన్నదని తెలిస్తే మండుతుందే, అలా. తర్వాత ఆ ఆర్టీసీ బస్సు గుర్తొచ్చింది. కిటికీ పక్కన నేను, నా పక్కన ఒళ్లో టిఫిను డబ్బా పెట్టుకుని నాన్న. విశాఖ వచ్చేదాకా నేను కిటికీ వైపు తిరిగి, ఈయన్ని ఎంత బాగా ఒప్పించానో అనుకుంటూ, ఆయనకి కనపడకుండా నవ్వుకుంటూనే ఉన్నాను. అటు వైపు తిరిగి ఆయనా అదే పని చేస్తున్నారని ఆ పిల్లకి అప్పుడు తెలియదు.